నోటు వెనుక సంతకం

 



మన ఊళ్ళల్లో చేబదులు దాటిన అప్పు ఏదైనా ప్రామిసరీ నోటు మీదే నడుస్తుంది. అచ్చు కాగితం, రెవెన్యూ స్టాంపు, స్టాంపు మీదుగా సంతకం, కింద ఇద్దరు సాక్షులు. ముందు వైపు ఎంత మొత్తం రాశారో, ఎవరి పేర రాశారో అందరూ చూసుకుంటారు. వెనుక వైపు సంగతి ఎవరికీ పట్టదు. బావమరిదో, పక్క దుకాణం భాయో వచ్చి "ఇక్కడొక సంతకం పెట్టండి, ఊరకే లాంఛనానికి" అంటాడు. మొహమాటం కొద్దీ పెట్టేస్తాం. టీ తాగి ఇంటికొచ్చాక ఆ విషయం భార్యకు కూడా చెప్పం. ఆ లాంఛనపు సంతకం చట్టం దృష్టిలో ఏమిటి, షరీఅత్ దృష్టిలో ఏమిటి, రేపు అల్లాహ్ సన్నిధిలో దాని లెక్క ఏమిటి అన్నది ఈ నెల మనం ఆలోచించవలసిన విషయం.

ముందు చట్టం సంగతి చూద్దాం. మన దేశంలో ప్రామిసరీ నోట్లకు, వ్యాపారుల హుండీలకు, చెక్కులకు వర్తించేది 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం. ఒక ఉదాహరణ తీసుకోండి. ఒక మేస్త్రి ఇనుము కొని, ఇనుప దుకాణదారు పేర లక్ష రూపాయలకు నోటు రాసిచ్చాడు. ఆ దుకాణదారు హోల్‌సేల్ వ్యాపారికి లక్ష బాకీ ఉన్నాడు. చేతిలో రొక్కం లేదు. మేస్త్రి రాసిన నోటు వెనుక "ఈ మొత్తాన్ని ఫలానా వారికి చెల్లించవలెను" అని రాసి, సంతకం చేసి హోల్‌సేల్ వ్యాపారికి ఇచ్చేశాడు. దీన్నే ఎండార్స్‌మెంట్ అంటారు. కేవలం సంతకం చేసి ఇచ్చినా ఎండార్స్‌మెంటే. ఇప్పుడా నోటు మీద డబ్బు వసూలు చేసుకునే హక్కు హోల్‌సేల్ వ్యాపారిది.

మేస్త్రి చెల్లిస్తే అందరూ సుఖంగా ఉంటారు. మరి అతను చేతులెత్తేస్తే? "నా పని అయిపోయింది, నోటు నీకు ఇచ్చేశాను, వెళ్ళి మేస్త్రిని అడుక్కో" అని ఇనుప దుకాణదారు అనవచ్చా? అనడానికి వీల్లేదు. గడువుకు ముందే నోటును బదలాయించినవాడు తన బాధ్యతను ఆ ఎండార్స్‌మెంట్‌లోనే స్పష్టంగా తొలగించుకోకపోతే, నోటు చెల్లకుండా పోయినప్పుడు ఆ తర్వాతి హక్కుదారులందరికీ కలిగే నష్టానికి అతనే జవాబుదారీ అని ఈ చట్టంలోని 35వ సెక్షన్ నిర్దేశిస్తోంది. అయితే నోటు చెల్లలేదన్న సంగతి అతనికి తగిన సమయంలో నోటీసు ద్వారా తెలిసి ఉండాలి. నోటు నాలుగు చేతులు మారితే, నలుగురి సంతకాలూ ఆ గొలుసులో ఉన్నట్టే. "నా మీదికి రావద్దు" అని ఎండార్స్‌మెంట్‌లో రాసుకునే వీలును 52వ సెక్షన్ ఇచ్చింది. కాని అలా రాసేవారెందరు? అలా రాసిన నోటును పుచ్చుకునేవారెందరు?

37వ సెక్షన్ మరింత విప్పి చెబుతుంది. నోటు రాసినవాడు అసలు బాకీదారు. మిగతావారు అతని తరఫున జామీనుదారులు. వేరే ఒప్పందం లేనంతవరకు ఇదే నియమం. ఈ మాటను మనసులో పెట్టుకోండి. ఫిఖ్హ్ ధర్మవేత్తలు శతాబ్దాల ముందే ఇంచుమించు ఇదే గీత గీశారు.

ఒకరి బాకీని మరొకరి మీదికి మళ్ళించడాన్ని షరీఅత్‌లో హవాలా అంటారు. (పత్రికల్లో కనిపించే హవాలా రాకెట్లకూ ఈ మాటకూ పేరు తప్ప పొత్తు లేదు. మంచి మాట చెడ్డవారి నోట పడింది.) స్తోమత ఉండి బాకీ తీర్చకుండా తిప్పుకోవడం దౌర్జన్యమని, తన బాకీని స్తోమతుగల వ్యక్తి మీదికి మళ్ళిస్తే రుణదాత దానికి సమ్మతించాలని దైవప్రవక్త (స) బోధించినట్లు హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. గమనించండి, మళ్ళించవలసింది స్తోమతు ఉన్నవాని మీదికి. దివాలా తీసినవాని నోటును తెలిసి తెలిసి ఎదుటివాని చేతిలో పెట్టడానికి ఈ హదీసులో చోటు లేదు.

ఇలా మళ్ళించాక ఆ బాకీ మునిగిపోతే, మళ్ళించినవాడి మీదికి తిరిగి వస్తుందా? దీనిపై ఇమాముల అభిప్రాయాలు వేరువేరుగా ఉన్నాయి. తిరిగి రాదని ఇమామ్ షాఫయీ (రహ్మలై) అభిప్రాయం. బాకీదారు దివాలా సంగతి తెలిసి దాచిపెట్టి మోసగిస్తే మాత్రం తిరిగి వస్తుందని ఇమామ్ మాలిక్ (రహ్మలై) అన్నారు. మన ప్రాంతంలో అత్యధికులు అనుసరించే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం బాకీ నశించిపోతే తిరిగి వస్తుంది. అంటే ఎవరి మీదికి మళ్ళించారో అతను ఏమీ మిగల్చకుండా చనిపోయినా, సాక్ష్యం లేని స్థితిలో ఆ బాకీయే లేదని ప్రమాణం చేసినా మొదటివాడే బాధ్యుడు. బతికుండగానే న్యాయాధికారి అతన్ని దివాలాదారుగా ప్రకటించినా ఇదే వర్తిస్తుందని ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) అభిప్రాయపడ్డారు.

మరో సూక్ష్మమైన నియమం కూడా ఉంది. మళ్ళించినవాడు బాధ్యత నుండి విముక్తుడు కాడన్న షరతుతో బాకీని మళ్ళిస్తే దాని పేరు హవాలాయే అయినా దాని తత్వం కఫాలా, అంటే జామీను. ఉస్మానీ ప్రభుత్వం 19వ శతాబ్దంలో హనఫీ ఫిఖ్హ్‌ను సెక్షన్లుగా కూర్చిన మజల్లాలో కూడా ఈ నియమం కనిపిస్తుంది. మన చట్టం ప్రకారం నోటు వెనుక సంతకం చేసినవాడి బాధ్యత అలాగే ఉండిపోతుంది గనుక అతను కఫీల్, అంటే జామీనుదారు. చట్టమూ ఇదే చెబుతోంది, ఫిఖ్హ్ కూడా ఇదే చెబుతోంది. "లాంఛనానికే" అన్న మాటకు ఈ రెంటిలో ఎక్కడా తావు లేదు.

నోటు ఎప్పుడూ తన చేతికి రాకుండానే, కేవలం అప్పు పుచ్చుకునేవాని మీద నమ్మకం కుదిర్చేందుకు వెనుక సంతకం పెట్టే బంధువు సంగతి కొంచెం వేరు. చట్టం మాటల్లో అతను అసలైన ఎండార్సర్ కాకపోవచ్చు. అతను జామీనుదారుగా పెట్టాడా, సాక్షిగా పెట్టాడా అన్నది అక్కడ రాసిన మాటలను బట్టి, పరిస్థితులను బట్టి కోర్టు తేల్చాలి. సాక్షి అయితే డబ్బు కట్టనక్కరలేదు, సాక్ష్యం చెబితే చాలు. బాకీదారు సంతకం పక్కన తానూ రాసిచ్చినవాడిగా సంతకం చేస్తే అతనూ బాకీదారే. అందుచేత సంతకం పెట్టేముందు దాని పక్కన "సాక్షి" అనో "జామీను" అనో తన చేత్తో రాయడం మంచిది. రుణ వ్యవహారాన్ని రాసుకోవాలని, ఇద్దరు పురుషులను, లేదా ఒక పురుషుణ్ణి, ఇద్దరు స్త్రీలను సాక్షులుగా పెట్టుకోవాలని, చిన్న మొత్తమైనా రాయడానికి బద్ధకించకూడదని, రాసినవానికీ సాక్షికీ హాని కలిగించకూడదని అల్లాహ్ బఖరా సూరాలోని 282వ ఆయతులో ఆదేశించాడు. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పెద్ద ఆయతు ఇదే. నమాజు గురించో, ఉపవాసం గురించో కాక, అప్పు పత్రం రాయడం గురించి అంత వివరంగా అవతరించిందంటే మన ప్రభువు మన బలహీనతలను ఎంతగా ఎరిగినవాడో ఆలోచించండి.

జామీను అన్నది పుణ్యకార్యమే. యూసుఫ్ (అలై) వృత్తాంతంలో రాజుగారి పాత్రను తెచ్చిచ్చిన వానికి ఒంటె బరువు ధాన్యం లభిస్తుందని, దానికి తాను పూచీ అని చాటింపు వేసినవాడు చెప్పిన సంగతి ఖుర్ఆన్‌లో ఉంది (12:72). పూచీ ధర్మసమ్మతమని చెప్పేటప్పుడు ధర్మవేత్తలు ఈ ఆయతును ఆధారంగా చూపిస్తారు. అయితే పూచీ పడినవాడే చెల్లించవలసి ఉంటుందని దైవప్రవక్త (స) స్పష్టం చేసినట్లు అబూ దావూద్, తిర్మిజీలలో ఉంది. పూచీ పడటం పుణ్యం, పూచీ పడి తప్పుకోవడం ద్రోహం.

ఇక్కడ హజ్రత్ అబూ ఖతాదా (రజి) సంఘటన గుర్తుచేసుకోవాలి. ఒక వ్యక్తి జనాజాను నమాజు కోసం తెచ్చారు. ఇతని మీద అప్పేమైనా ఉందా అని దైవప్రవక్త (స) అడిగారు. రెండు దీనార్లు ఉందన్నారు. ఆయన (స) వెనుదిరిగారు. అబూ ఖతాదా (రజి) ముందుకు వచ్చి ఆ రెండు దీనార్లు తన మీద వేసుకున్నారు. దైవప్రవక్త (స) ఆ మాట విని ఊరుకోలేదు. రుణదాత హక్కు ఇక నీ మీద స్థిరపడినట్లే కదా, చనిపోయినవాడు విముక్తుడైనట్లే కదా అని మరీ రూఢి చేసుకున్నారు. అవునన్నాకే నమాజు చేయించారు. ముస్నద్ అహ్మద్‌లో హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం ఇంతటితో ముగియదు. ఒక రోజు గడిచాక దైవప్రవక్త (స) ఆ రెండు దీనార్ల సంగతేమిటని అడిగారు. మనిషి నిన్ననే కదా పోయాడు అన్నారు అబూ ఖతాదా (రజి). మర్నాడు మళ్ళీ అడిగారు. చెల్లించేశానని జవాబు వచ్చింది. ఆ వ్యక్తి చర్మానికి ఇప్పుడు చల్లదనం దక్కిందని దైవప్రవక్త (స) అన్నారు.

మాట ఇచ్చిన రోజున నమాజు జరిగింది. చల్లదనం మాత్రం డబ్బు ముట్టిన రోజున దక్కింది. ఒక సహాబీ, అందునా అబూ ఖతాదా (రజి) లాంటి వీరుడు ఇచ్చిన మాట గురించే దైవప్రవక్త (స) రెండు రోజులు వరసగా వాకబు చేశారంటే, మన సంతకాల సంగతి ఎవరు వాకబు చేయాలి? జనాజా దగ్గర "మరహూమ్ గారి బాకీలు ఏమైనా ఉంటే మమ్మల్ని అడగండి" అని కొడుకులు ప్రకటించడం మన మస్జిదుల్లో వినిపిస్తూనే ఉంటుంది. మంచి సంప్రదాయమే. కాని ఆ ప్రకటన విని నలభయ్యో రోజున నోటు పట్టుకుని వచ్చినవారికి "నాన్నగారు వెనుక సంతకం ఒక్కటే పెట్టారు, అది మా అప్పు కాదు" అనే ఇళ్ళు కూడా ఉన్నాయి. వారసులు తమ సొంత సొమ్ము నుంచి చెల్లించవలసిన పని లేదు. తండ్రి వదిలిన ఆస్తిలో నుంచి మాత్రం పంపకాలకు ముందే ఆయన బాకీలు తీర్చాలి. ఆయన పడిన జామీను కూడా బాకీయే.

జామీనుదారులు తరచూ చెప్పే మాట ఒకటుంది: "ముందు అసలువాణ్ణి పట్టుకోండి, అతని ఇల్లు అమ్మించండి, అప్పుడు నా దగ్గరికి రండి." 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 128వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే జామీనుదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. ముందు అసలు బాకీదారు మీద మార్గాలన్నీ అయిపోవాలన్న వాదనను సుప్రీంకోర్టు 1969లో బ్యాంక్ ఆఫ్ బీహార్ కేసులో అంగీకరించలేదు. హనఫీ ఫిఖ్హ్‌లోనూ రుణదాత ఇద్దరిలో ఎవరినైనా అడగవచ్చు. కట్టిన తర్వాత ఆ మొత్తాన్ని అసలు బాకీదారు నుండి రాబట్టుకునే హక్కు, అతని కోరికపై పూచీ పడిన జామీనుదారుకు రెండు విధాలా ఉంది.

ఖాళీ నోటు గురించి ఒక్క మాట. స్టాంపు అంటించిన ఖాళీ కాగితం మీద సంతకం చేసి ఇస్తే, స్టాంపు విలువకు సరిపోయే మొత్తం వరకు దాన్ని పూరించుకునే అధికారం ఇచ్చినట్లేనని 20వ సెక్షన్ భావిస్తుంది. నోటు రాసి ఇచ్చారంటే ప్రతిఫలం ముట్టినట్లేనని 118వ సెక్షన్ ముందుగా అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవలసింది సంతకం చేసినవాడే. మన సోదరీమణులు ఇది ప్రత్యేకంగా వినాలి. భర్త కాగితం చాపగానే ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టే ఇల్లాళ్ళు మనలో ఎందరో. ఇస్లాం స్త్రీకి ఆమె మహర్ మీద, ఆమె ఆస్తి మీద సంపూర్ణ హక్కు ఇచ్చింది. ఆ హక్కుతోపాటే ఆమె సంతకానికి బరువూ వచ్చింది. ఏమిటిదని అడగడం భర్తను అవమానించడం కాదు. చెప్పకుండా పెట్టించుకోవడమే భార్యను అవమానించడం.

ఇక వడ్డీ. ఇదే అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు. అచ్చు నోట్లలో "నెలకు నూటికి ... రూపాయల చొప్పున వడ్డీ" అన్న వాక్యం ముందే అచ్చయి ఉంటుంది, మనం ఖాళీ మాత్రం పూరిస్తాం. వడ్డీ తినేవానిని, తినిపించేవానిని, ఆ పత్రం రాసేవానిని, దాని ఇద్దరు సాక్షులను దైవప్రవక్త (స) శపించారని, వారంతా సమానులేనన్నారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు (సహీహ్ ముస్లిం). సాక్షి సంతకానికే ఇంత హెచ్చరిక ఉంటే, ఆ వడ్డీకి జామీను పడేవాని సంగతి వేరే చెప్పనక్కరలేదు. "నేను తీసుకోలేదు, ఇవ్వలేదు, సాయం చేశానంతే" అన్న సమాధానం ఈ హదీసు ముందు నిలవదు. అసలు మొత్తానికే నోటు రాయించి, వడ్డీ వాక్యాన్ని కొట్టేసి, ఇరువురి చేతా పక్కన సంతకం చేయించి, అప్పుడు జామీను పడండి. ఎదుటివాడు ఒప్పుకోకపోతే తప్పుకోండి. ఇప్పటికే వడ్డీ నోటు మీద సంతకం చేసి ఉన్నవారు తౌబా చేయాలి. అయితే వడ్డీ హరామ్ కదా అని అసలు సొమ్మును ఎగవేయడానికి ఆ తౌబాను సాకుగా వాడుకోకూడదు.

వడ్డీ వెనుక గుమ్మం నుంచి కూడా వస్తుంది. లక్ష రూపాయల నోటు, గడువు ఇంకా ఆరు నెలలు. ఇప్పుడే డబ్బు కావాలని ఒకరు ఆ నోటు వెనుక సంతకం చేసి తొంభై వేలకు మరొకరికి ఇచ్చేస్తారు. హుండీలను, బిల్లులను బ్యాంకుల్లో డిస్కౌంట్ చేయడం అంటే ఇదే. "నోటు అమ్ముకున్నాను, వడ్డీ ఎక్కడుంది?" అంటారు. ఇవాళ తొంభై వేలు ఇచ్చి ఆరు నెలల తర్వాత లక్ష పుచ్చుకోవడానికి వేరే పేరు పెట్టినంత మాత్రాన దాని స్వభావం మారదు. వాణిజ్య పత్రాల డిస్కౌంటు వడ్డీకి దారితీస్తుంది గనుక ధర్మసమ్మతం కాదని జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1992లో తీర్మానించింది. లక్ష బాకీకి లక్ష నోటును యథాతథంగా మళ్ళించడం హవాలా, ఇందాక మన ఇనుప దుకాణదారు చేసింది అదే. తగ్గించి అమ్మడం వేరే వ్యవహారం.

పత్రాలు చేతులు మారడం కొత్తగా వచ్చిన సమస్య ఏమీ కాదు. మర్వాన్ బిన్ హకమ్ మదీనా పాలకుడుగా ఉన్న కాలంలో అల్‌జార్ రేవులోని ధాన్యానికి ప్రజలకు చీటీలు ఇచ్చారు. వాటిని సక్ అనేవారు. జనం ధాన్యం చేతికి రాకముందే ఆ చీటీలనే కొనడం, అమ్మడం మొదలుపెట్టారు. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి), మరో సహాబీ కలిసి వెళ్ళి మర్వాన్‌ను నిలదీశారు, వడ్డీ వ్యాపారాన్ని హలాల్ చేస్తున్నావా అని. మర్వాన్ భటులను పంపి ఆ చీటీలను జనం చేతుల్లోంచి లాక్కుని అసలు యజమానులకు తిరిగి ఇప్పించాడు. ముఅత్తా ఇమామ్ మాలిక్‌లో ఉన్న సంఘటన ఇది. కాగితం వెనుక వస్తువు ఉందా, హక్కు ఉందా, ఉత్త లాభాపేక్షే ఉందా అని ఆ పుణ్యపురుషులు చూశారు.

రుణదాతలకు కూడా కొన్ని బాధ్యతలున్నాయి. నోటు చెల్లలేదని జామీనుదారుకు వెంటనే తెలియజేయాలి. ఏళ్ళ తరబడి మౌనంగా ఉండి, బాకీదారు ఊరొదిలి పోయాక ఒక్కసారిగా జామీనుదారు గుమ్మంలో నిలబడటం న్యాయం కాదు. అందిన ప్రతి రూపాయికీ నోటు వెనుక తేదీతో చెల్లు వేయాలి. బాకీదారు ఇబ్బందుల్లో ఉంటే పరిస్థితి మెరుగుపడేదాకా గడువివ్వమని, మాఫీ చేస్తే అది మరింత మేలని అల్లాహ్ చెప్పాడు (2:280). నిజంగా లేనివానికి ఇచ్చే గడువు గురించే ఈ మాట. ఉండి ఎగ్గొట్టేవాడు దీన్ని తనకు అన్వయించుకోకూడదు.

అడగ్గానే చెల్లించాల్సిన నోటుకు రాసిన తేదీ నుంచి 3 సంవత్సరాల్లోగా దావా వేయాలి. ఆ లోపల బాకీదారు సంతకంతో చెల్లు పడినా, బాకీ ఉన్నట్టు రాసిచ్చినా గడువు మళ్ళీ మొదలవుతుంది. లేకపోతే కోర్టు తలుపు మూసుకుంటుంది. కొందరు ఆ తేదీ కోసం క్యాలెండరులో గుర్తు పెట్టుకుని కూర్చుంటారు. కాలదోషం పట్టిన బాకీని చెల్లిస్తానని రాసిస్తే అది చెల్లుబాటేనని మన కాంట్రాక్టు చట్టమే ఒప్పుకుంటోంది. అంటే చట్టం కూడా అప్పు చచ్చిపోయిందని అనడం లేదు, దావా వేసే దారి మూసుకుందని మాత్రమే అంటోంది. అమరగతుని పాపాలన్నీ క్షమించబడినా అప్పు మాత్రం క్షమించబడదని సహీహ్ ముస్లిం హదీసు తెలియజేస్తోంది. అక్కడ మూడేళ్ళ లిమిటేషన్ లేదు.

హజ్రత్ జుబైర్ బిన్ అవ్వామ్ (రజి) దగ్గర జనం తమ సొమ్ము దాచుకోవడానికి తెచ్చేవారు. దాచిన సొమ్ము దాచుకున్నవాని నిర్లక్ష్యం లేకుండా పోతే అతను కట్టనక్కరలేదు. అందుకే ఆయన దాన్ని అమానతుగా కాక అప్పుగా తీసుకునేవారు, పోతుందేమోనన్న భయంతో, బాధ్యత తన మీద ఉండాలని. హిజ్రీ 36లో జమల్ యుద్ధం నాడు తన కొడుకు అబ్దుల్లాహ్ (రజి)ను పిలిచి బాకీల గురించే వసీయతు చేశారు. లెక్క చూస్తే 22 లక్షలు తేలింది. రొక్కం ఏమీ లేదు, భూములున్నాయి. ఒక లక్షా 70 వేలకు కొన్న గాబా భూమి 16 లక్షలకు పోయింది. బాకీలు తీరాయి. వారసులు ఇక పంచమన్నారు. అబ్దుల్లాహ్ (రజి) ఒప్పుకోలేదు. నాలుగు సంవత్సరాలు వరసగా హజ్ సమయంలో, జుబైర్ దగ్గర ఎవరికైనా బాకీ ఉంటే వచ్చి తీసుకోవచ్చని ప్రకటిస్తూ వచ్చారు. నాలుగేళ్ళు నిండాక అప్పుడు మిగిలిన ఆస్తిని వారసులకు పంచారు.